వేపపుల్ల ముంచితే కదిలే బండి

పుంగనూరు,
1944 ఆగస్టు 9, బుధవారం.

శ్రీవారి సమక్షానికి, పుంగనూరు నుంచి రాజేశ్వరి నమస్కారం చేసి రాసుకునే సంగతులు.

ఇక్కడ అత్తమ్మ, నేను, ఆవు, దాని పెయ్యదూడ, అందరం బాగున్నాం. మీరు ఏ ఊళ్ళో ఉన్నారో రాయకూడదని పటాలంలో పైవాళ్ళ ఆజ్ఞ అన్నారు కాబట్టి, ఎక్కడ ఉంటే అక్కడే చల్లగా ఉండాలని బోయకొండ గంగమ్మకు మొక్కుకుంటున్నాను. ఆ తల్లికి మీ చిరునామా తెలిసే ఉంటుంది.

మీ జాబు చేరి ఇరవై అయిదు రోజులైంది. ఇన్నాళ్ళూ జవాబు లేకపోతే మీరు ఏమేమి ఊహించుకుని ఉంటారో నాకు తెలుసు. జ్వరం కాదు, దెబ్బ కాదు, అత్తమ్మతో పోట్లాటా కాదు. నాలుగుసార్లు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. అందరం క్షేమం అని రాయడం, తర్వాత ఏం రాయాలో తోచక మడిచి బియ్యం డబ్బా కింద పెట్టడం. ఆ నాలుగు కాగితాలతో అత్తమ్మ పొయ్యి అంటించింది.

మీ జాబులో చివరి మాట, మస్తానన్నకు సలాం చెప్పమని. చెప్పలేదండీ. మస్తానన్న ఇప్పుడు మన బండి మీద లేడు. మూడు వారాలైంది. ఎందుకు లేడో, మళ్ళీ వస్తాడో రాడో, అది చెప్పడానికే ఈ జాబు మొదలుపెట్టాను. మీకు స్టీరింగు పట్టడం నేర్పిన మనిషి గురించి సూటిగా రాసే ధైర్యం నాకు లేదు. మీరు బండి జబ్బు గురించి వరసగా ఏడు ప్రశ్నలు వేశారు గదా, నేనూ వరసగానే చెప్పుకుంటూ వస్తాను. నడుమ విసుక్కోకండి.

జబ్బు ఎప్పుడు మొదలైందని అడిగారు. ఉగాది దాటాక. అంతవరకూ ఆ పాత బండి చెప్పినమాట విన్నది. మీరు దాన్ని పికప్పు అని ముద్దుగా పిలుస్తారు. అత్తమ్మ తట్టల బండి అంటుంది. నాకు కోపం వచ్చినప్పుడు నా సవతి అంటాను. పొద్దున ముందర హ్యాండిలు దూర్చి నాలుగు తిప్పులు తిప్పితే చాలు, గుర్రుమంటూ లేస్తుంది. చౌడేపల్లె కూరగాయల తట్టలు ఎక్కించుకుని పెద్దపంజాణి దాకా బుద్ధిగా పోతుంది. ఆపైన తడబడడం మొదలు. పెద్దవాళ్ళకు అన్నం తింటూ పొలమారినట్టు దగ్గుతుంది. మస్తానన్న గేరు మార్చి, కాలు నొక్కి, ఇంకో ఫర్లాంగు లాగేవాడు. తర్వాత ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది.

ఎత్తులో ఆగుతుందా, పల్లంలోనా అని అడిగారు. ఎత్తులోనూ ఆగింది, పల్లంలోనూ ఆగింది, పలమనేరు దాటాక చదునుగా ఉన్న చోటా ఆగింది. ఎండలో ఆగింది, వానలో ఆగింది. బరువుంటే ఆగింది, కుప్పంలో తట్టలన్నీ దింపి ఒట్టి తొట్టితో వస్తుంటే కూడా ఆగింది. ఒక తీరూ తెన్నూ ఉంటే గదా మనిషి పట్టుకునేది! నాకైతే బుర్ర తిరిగిపోయింది. రెండుసార్లు బెంగుళూరు రైలు తప్పింది. కుప్పం స్టేషను ముందర చిక్కుడుకాయలు వాడిపోతుంటే, వాటి పక్కన నేనూ వాడిపోయి కూర్చున్నాను.

ఆగిన తర్వాత ఎట్లా లేస్తుందని కదా మీ మూడో ప్రశ్న. ఇది చదివి నవ్వకండి. వేపపుల్ల ముంచితే లేస్తుంది. ఆగిన ప్రతిసారీ మస్తానన్న ముందు ట్యాంకు మూత తీసి, సీటు కింద పెట్టుకున్న వేపపుల్ల లోపలికి దించి, పెట్రోలు ఎంత ఉందో చూసేవాడు. సగానికి పైన తడి ఉండేది. పుల్ల తుడిచి, మూత బిగించి, హ్యాండిలు తిప్పితే ఏమీ ఎరగనట్టు లేచేది. మళ్ళీ కొన్ని మైళ్ళు, మళ్ళీ దగ్గు, మళ్ళీ పుల్ల. నేను ఇంటికొచ్చి ఈ మాట చెబితే అత్తమ్మ కళ్ళు పెద్దవి చేసుకుంది.

"ఆ పుల్లకే శక్తి ఉండాది. బోయకొండ తట్టు యాపసెట్టుది అది. దాన్ని పారెయ్యొద్దండి, పసుపు రాసి పెట్టుకోండి" అంది.

నేను అయిదో తరగతి చదివినదాన్ని, పుల్లను నమ్ముతానా అనుకున్నాను. పరీక్ష చేద్దామని ఒకరోజు దారిలో బండి ఆగితే మస్తానన్నను పుల్ల ముట్టుకోవద్దన్నాను. పావుగంట ఊరికే కూర్చున్నాం. తిప్పితే లేవలేదు. ఇంకో పావుగంట కూర్చున్నాం. లేవలేదు. సరే కానివ్వమని పుల్ల ముంచాం. లేచింది! ఇక నేనేం మాట్లాడగలను? ఆ వారం పుల్లకు పసుపు రాసింది నేనే.

నూరుల్లా ఏమన్నాడని అడిగారు. మదనపల్లెలో ఆయన షెడ్డుకు రెండుసార్లు తీసుకుపోయాం. కార్బరేటరు విప్పి కడిగాడు. ప్లగ్గులు గీకాడు. పెట్రోలు గొట్టం తీసి నోటితో ఊది, చెంపలు ఉబ్బించి నాకు చూపించాడు. మీరు అడిగిన ప్లగ్గుల రంగు కూడా చూశాను, ఇటుక రంగులో ఉన్నాయి. అది మంచిదో చెడ్డదో మీకే తెలియాలి. అన్నీ బిగించి ఊరి చివరిదాకా ఒక చుట్టు తిప్పి వచ్చాడు. బండి పెళ్ళికూతురిలా తల వంచుకుని పోయి వచ్చింది.

"బండికి ఏ రోగమూ లేదమ్మా. మీకే అనుమానం జాస్తి" అన్నాడు.

మరుసటిరోజు పెద్దపంజాణి దాటంగానే ఆగింది.

మీ ఆరో ప్రశ్న ఇప్పుడు వద్దు. దాన్ని దాటి ఏడోదానికి వస్తాను. శుక్రవారం బండికి బొట్టు పెడుతున్నావా, మానేశావా అని అడిగారు. ఎట్లా మానేస్తాను? మీరు పోయిన వారం నుంచి ఇప్పటికి పది నెలలు, పోయిన శుక్రవారం తప్ప ఒక్కటీ మానలేదు. గంధం చిక్కగా అరగదీసి, దాని మీద కుంకుమ పెడుతున్నాను. ఎక్కడ పెడుతున్నావని మీరూ అడగలేదు, నేనూ రాయలేదు. మీరు పోయేరోజు మాకు ఇబ్బంది కాకూడదని పెట్రోలు నింపి, ట్యాంకు మూత మీ చేత్తో బిగించి, దాని మీద ఒక తట్టు తట్టి రైలుకు పోయారు. ఈ బండి మీద మీ చెయ్యి చివరగా పడింది అక్కడే. అందుకని నేను బొట్టు పెట్టేది ఆ మూత మీదే. మీరు చేత్తో తట్టిన చోట, సరిగ్గా నడుమ. పోయినవారం బొట్టును తుడవకుండా దాని మీదే కొత్తది పెట్టేదాన్ని. తుడిస్తే మిమ్మల్ని తుడిచినట్టు ఉండేది.

ఇప్పటికే మీరు నెత్తి కొట్టుకుని ఉంటారు. మీకు తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియడానికి అంకయ్య మతిమరుపు కావలసివచ్చింది.

అంకయ్య అంటే మస్తానన్న పోయాక నేను పెట్టుకున్న డ్రైవరు. మంచివాడే, కానీ చేతిలో వస్తువు చేతిలో ఉండగానే వెతుక్కుంటాడు. కొత్త డ్రైవరు, కొత్త పెట్రోలు, కొత్త రేషను కూపన్లు. బండికి మాత్రం అదే దగ్గు. మస్తానన్న లేకపోయినా జబ్బు పోలేదని చూసినప్పుడు నా గుండెలో రాయి పడింది, ఎందుకో తర్వాత చెబుతాను. పోయిన గురువారం పెద్దపంజాణి దాటి ఆగింది. అంకయ్య మూత తీశాడు, పుల్ల ముంచాడు, పుల్ల తుడిచాడు. మూత కనబడలేదు.

"యాడ పెట్టినానో గ్యాపకం లేదమ్మా" అని చుట్టూ గడ్డిలో వెతికాడు. రైలుకు పొద్దు పోతోంది. "గుడ్డ కుక్కి పోదాం పదమ్మా, మళ్ళా సూసుకోవచ్చు" అన్నాడు.

ట్యాంకు మూతికి పాత తువ్వాలు ముక్క కుక్కి బయలుదేరాం. నేను ప్రతి మైలురాయి దగ్గరా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. పలమనేరు వచ్చింది, పోయింది. ఎత్తు ఎక్కింది, దిగింది. కుప్పం స్టేషను దాకా ఒక్క దగ్గు దగ్గితే ఒట్టు! రైలుకు ఇంకా అరగంట ఉంది. పోర్టర్లే ఆశ్చర్యపోయారు. తట్టలు దింపుతుంటే వంకాయల నడుమ మూత దొరికింది. ఆ వంకాయల మీద పెట్టి మరిచాడు మహానుభావుడు.

తిరుగు ప్రయాణంలో మూత బిగించుకుని బయలుదేరాం. కొన్ని మైళ్ళకే ఆగిపోయింది.

ఈసారి నేను కిందికి దిగి మూత నేనే తీశాను. తీస్తుంటే లోపలికి ఉస్సుమని గాలి పీల్చుకున్న చప్పుడైంది. ఆ మూత ఒళ్ళో పెట్టుకుని రోడ్డు పక్కన బండరాయి మీద కూర్చున్నాను. మూత ఉంటే ఆగుతుంది, లేకపోతే పోతుంది. పుల్ల ముంచాలంటే మూత తియ్యాలి. అంటే శక్తి పుల్లది కాదు! అంతవరకూ వచ్చింది బుద్ధి, ఆ తర్వాత కదల్లేదు. కాసేపటికి మన వంటింట్లో నూనె డబ్బా గుర్తుకొచ్చింది. కొత్త డబ్బాకు ఒక్క చిల్లే కొడితే నూనె గుటుక్కుమని ఆగిపోతుంది, రెండో చిల్లు కొడితే ధారగా వస్తుంది. ఏ ఇంట్లో ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది ఈ మాట. మరి ట్యాంకుకు రెండో చిల్లు ఎక్కడ?

మూత తిప్పి చూశాను. లోపలివైపు నడుమ సూది మోపినంత బెజ్జం. పైన చూస్తే బెజ్జం లేదు. పైన ఉన్నది నా బొట్టు. నలభై శుక్రవారాల గంధం, గోడకు పూసిన సున్నంలా గట్టిపడి వేలు మందాన ఉంది.

కొంగుకు ఉన్న పిన్నీసు తీశాను. అంకయ్య చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపటికీ చెయ్యి ఆడలేదండీ. గీకితే బండి నడుస్తుంది, గీకకపోతే మీరు క్షేమంగా ఉంటారు, అట్లా అనిపించింది. రెంటికీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసీ భయపడ్డాను. మీరు క్షేమంగా ఉండాలని పెట్టిన బొట్టు మీ బండినే గొంతు పిసుకుతుంటే, నేను దేన్ని నమ్మాలి? చివరికి కళ్ళు మూసుకుని గీకాను. పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. ఆ పెచ్చులన్నీ కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పటికీ దేవుడి గూట్లో ఉన్నాయి. మర్నాడు శుక్రవారం బొట్టు పెట్టలేకపోయాను. బండి మళ్ళీ ఆగలేదు.

ఇప్పుడు మీ ఆరో ప్రశ్న.

పెట్రోలులో కిరసనాయిలు కలిసినా ఇట్లాగే తడబడుతుంది, ఒకసారి వాసన చూడమని రాశారు. మీరు బండి గురించే అన్నారు. నేను మనిషి గురించి చదువుకున్నాను. మీ జాబు వచ్చిన మూడోరోజు పొద్దున, చౌడేపల్లె నుంచి తట్టలు తెచ్చిన రైతులు ఎనిమిదిమంది వాకిట్లో ఉన్నారు. నేను సీటు కింద నుంచి ఆ వేపపుల్ల తీసి వాసన చూశాను. కిరసనాయిలు గుప్పుమంది. పెట్రోలు దొరకని రోజులు, బయట దానికి ఎంత గిరాకీ ఉందో అందరికీ తెలుసు. ఇంకేం ఆలోచించలేదు.

"పెట్రోలు బయట అమ్ముకోని, బండిలో కిరసనాయిలు పోస్తాండావా, మస్తాన్?" అన్నాను.

అన్నా అనే మాట ఆ పూట నా నోట్లోంచి రాలేదు. అది కూడా రాస్తున్నాను, మీకు ఏదీ దాచకూడదని. ఆయన నా ముఖం వైపు చూశాడు. రైతుల వైపు చూశాడు. చేతిలో ఉన్న హ్యాండిలును గుమ్మం పక్కన గోడకు ఆనించాడు, చప్పుడు కాకుండా. తువ్వాలు భుజాన వేసుకుని వీధి చివరిదాకా నడిచి, మలుపు తిరిగిపోయాడు. తిట్టి పోయి ఉంటే బాగుండేది.

ఆ వాసన ఎక్కడిదో పదిరోజుల తర్వాత సీటు కింద దులుపుతుంటే తెలిసింది. అన్న ప్లగ్గులు తుడుచుకోవడానికి కిరసనాయిలులో తడిపిన గుడ్డ ఒకటి సీటు కింద ఉంచుకుంటాడు. పుల్ల తుడిచేది దానితోనే. నేను చూసింది పెట్రోలు వాసన కాదు, ఆ గుడ్డ వాసన. ట్యాంకు మూత తీసి ముక్కు పెట్టి ఉంటే సరిపోయేది. అంత తీరిక నా కోపానికి లేకపోయింది.

మస్తానన్న కుప్పంలో కూతురు సఫియా ఇంట్లో ఉన్నాడని విన్నాను. మొన్న సోమవారం రైలుకు తట్టలు వేసి, మూత చేతిలో పట్టుకుని వెతుక్కుంటూ పోయాను. సఫియా నన్ను చూసి పలకరించలేదు. చాప వేసి లోపలికి పోయింది. అది నాకు తగినదే. అన్న బయటికి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. నేను ఏడ్చేశాను, ఏడుస్తూనే అంతా చెప్పాను, నూనె డబ్బాతో సహా. మూత చేతికిచ్చాను. ఆయన ఆ బెజ్జం మీద బొటనవేలు పెట్టి చూశాడు. తర్వాత చెప్పిన మాటలు ఆయన చెప్పినట్టే రాస్తున్నాను. మీ పేరు వస్తుంది, అది ఆయన నోటి మాట, నేను రాసినట్టు లెక్క కాదు.

"దీనికి బెజ్జం ఉండేది నాకు తెలీదా అమ్మా? కృష్ణప్పకు సూపించిందే నేను. మొదట్నుంచీ మూత తీసేటప్పుడల్లా అంచులు పట్టుకోని తీస్తా వచ్చినాను, నువ్వు పెట్టిండే బొట్టు సెదరకుండా. ఆ గంధం కింద బెజ్జం మూసుకుపోయిందేమోనని కడాకు అనుమానం వచ్చింది. కృష్ణప్ప కోసం పెట్టిండే బొట్టు. దాన్ని నేను గోటితో గీకేదెట్ల? నీ సేత్తో నువ్వే తుడుసుకోమని అడుగుదామని ఆ పొద్దు వచ్చినాను. నువ్వు ముందర మాట్లాడితివి."

విన్నారా? వేరే ఎవరైనా అయితే బొటనవేలితో రాలగొట్టి పారేసేవాళ్ళు, బండికి జబ్బే వచ్చేది కాదు. ఆయన నా బొట్టును కాపాడుతూ వచ్చాడు. నేను ఆయన్ను దొంగ అన్నాను.

తిరిగి రమ్మని అడిగాను. మన్నించమని అడిగాను.

"నాకు సెప్పుకోవద్దులేమ్మా. కృష్ణప్పకు రాసినావా?" అన్నాడు.

రాయలేదన్నాను.

"రాయి. ఇట్ల అంటినని రాయి, అది నిజం గాదని రాయి. చౌడేపల్లె వాళ్ళు ఎవురో ఒకరు ఈపాటికి రాసుంటారు. వాళ్ళ నోట ఇంటే నా బిడ్డ మనసు యిరిగిపోతాది. ఆ జాబు టపాలో పడినంక నేను హ్యాండిలు పట్టుకుంటాను" అన్నాడు.

నా బిడ్డ అన్నది మిమ్మల్నే.

శుక్రవారం.

పైది రాసి రెండురోజులు ఆపాను. నిన్న తట్టలతో రైతులు వచ్చారు, ఆ ఎనిమిదిమందిలో ఆరుగురు ఉన్నారు. వాళ్ళ ముందర నూనె డబ్బా పెట్టి, ఒక చిల్లు కొట్టి, రెండో చిల్లు కొట్టి, మూత చూపించి, తప్పు నాదని చెప్పాను. వాళ్ళకు సగం అర్థమైంది. మస్తానన్న దొంగ కాదన్నది పూర్తిగా అర్థమైంది. మిగతా ఇద్దరికి వాళ్ళే చెబుతామన్నారు. అత్తమ్మ మాత్రం పుల్లను ఇంకా పారెయ్యనివ్వడం లేదు.

ఈ పొద్దున మస్తానన్న వచ్చాడు. జాబు టపాలో తానే వేస్తాడట. నన్ను నమ్మక కాదు, తన చేత్తో వెయ్యాలని ఉందన్నాడు. మీ సలాం చెప్పాను, ఇరవై ఏడు రోజులు ఆలస్యంగా. తల ఊపాడు.

శ్రావణ శుక్రవారం కదా, గంధం అరగదీసి గిన్నెలో పెట్టుకుని బండి చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఎక్కడ పెట్టాలో తోచలేదు. మూత మీద పెట్టకూడదు, పెట్టకుండా ఉండలేను. ఇప్పుడు ఏ చోటు చూసినా అక్కడ ఇంకేం బెజ్జం ఉందోనని భయం. "అన్నా, యాడ పెట్టేది?" అని ఆయన్నే అడిగాను.

ఆయన గోడకు ఆనించిన హ్యాండిలు వైపు చూపించాడు. ఆయన పోయిన రోజు ఎక్కడ పెట్టాడో, అంకయ్య కూడా రోజూ అక్కడే పెడుతున్నాడు.

"దాని పిడికి పెట్టమ్మా. పొద్దున్నే నేను పట్టుకునేది అదే. రోజూ అరిగిపోతాది, అడ్డం పడదు. శుక్కురారం శుక్కురారం మళ్ళా పెడుదువు."

"నీ సేతికి అంటుతాదన్నా" అన్నాను.

"అంటనీ" అన్నాడు.

పెట్టాను. ఆయన ఇంకా దాన్ని ముట్టుకోలేదు. గుమ్మంలో నిలబడి ఈ కాగితం వైపు చూస్తున్నాడు. బండి నిండా తట్టలు ఎక్కించి ఉన్నాయి, కుప్పం రైలుకు పొద్దు పోతోంది. గంధం ఆరకముందే టపా పెట్టె దాకా పోయి రావాలి, అందుకని ఇక్కడితో ఆపుతున్నాను. మీ జవాబులో ముందు మస్తానన్నకు రెండు ముక్కలు రాయండి. నన్ను తిట్టదలచుకుంటే వాటి కింద తిట్టండి. బొట్టు గీకిన రోజు నుంచి మీ అక్షరం చూడలేదు, ఎంత తిట్టినా సరే, తొందరగా రాయండి.

ఇట్లు,
ఈసారి ముందు ట్యాంకు వాసన చూసి మాట్లాడే మీ ఇల్లాలు,
రాజేశ్వరి.